పెట్టెలో పెట్టె, అందులో పేరు

ఆడవాళ్ళ కార్డులన్నీ నా చేతిరాతే. అందుకే జరిగిన తప్పు కూడా నాదే. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు.

వరంగల్లులో పెద్దరోగానికి, అంటే కుష్ఠుకు, మందులిచ్చే ఒక చిన్న దవాఖానాలో నేను ఆయాగా పనిచేశాను. చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. స్పర్శ పోయిన పాదాలను నీళ్ళ తొట్టిలో నానబెట్టించడం, మెత్తబడ్డ తోలును గరుకు రాయితో రుద్దించడం, నూనె రాయించడం, గదులు ఊడవడం నా పని. డెబ్బైల మధ్యలో, ముప్పై ఏళ్ళు దాటాక, వయోజన బడికి పోయి నేర్చుకున్నాను. చదువు మీద ప్రేమతో పోలేదు. ఒకే రంగు సీసాల్లో రెండు మందులుండేవి. ఒకటి పుండ్లు కడిగేది, ఒకటి తాగించేది. ఏది ఏదో ప్రతిసారీ కాంపౌండరును అడిగేదాన్ని, అతను ప్రతిసారీ నవ్వేవాడు. ఆ నవ్వు ఆపించాలని పోయాను. ఏడాది పట్టింది. ఆ తరువాత అతను నవ్వలేదు. సీసా మీద చీటీ చదివి అతని తప్పు రెండుసార్లు చూపించాక నాతో మాట్లాడటమే తగ్గించాడు. నాకు అదేమీ లోటనిపించలేదు.

నాకు చదువొచ్చిందని తెలిసి డాక్టరుగారు ఆడవాళ్ళ కార్డులు రాసే పని నాకిచ్చారు. ఆయన పెద్ద వయసాయన, మాట తక్కువ. కొంగు తొలగించి మచ్చ చూపించడమే ఆడవాళ్ళకు ప్రాణసంకటం; దాని మీద ఒక మగ గుమాస్తా ఎదురుగా కూర్చుని ఊరేది, పేరేది అంటే నోరు తెరిచేవారు కాదు. నాతో మాట్లాడేవారు. నేను రోజూ వాళ్ళ కాళ్ళు పట్టుకునేదాన్నే కదా.

కార్డు మీద పైన రోగి పేరు, ఊరు, వయసు. దాని కింద ‘తోడు వచ్చినవారు’ అని ఒక గడి, అందులో మళ్ళీ రెండు గడులు: పేరు, సంబంధం. కార్డు వెనకవైపు నెలనెలా వచ్చిన తేదీ, ఇచ్చిన మందు, ఆ మందు ఎవరి చేతికి ఇచ్చామో. రోగి రాలేని నెల ఇంకెవరో వచ్చి పట్టుకుపోయేవారు, అందుకని అక్కడా పేరు, సంబంధం.

చిక్కంతా ఈ సంబంధంతోనే. మా దిక్కు ఆడది మొగుడి పేరు నోటితో అనదు. దవాఖానా అయినా అంతే, పోలీసు ఠాణా అయినా అంతే.

“మీ ఇంటాయన పేరేందమ్మా?” అని అడిగితే ఆమె నేల చూసేది. వెనక వరసలోంచి ఎవరో అందుకునేవారు.

“తోకున్న దేవుని పేరే, అక్కా. రాసుకో.”

“తోకున్న దేవునికి నాలుగు పేర్లున్నయి. ఏది రాయాలె?”

“చిన్నది రాయి. ఆయన గూడ చిన్నగనే ఉంటడు.”

అందరూ నవ్వేవారు, ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అట్లా పొడుపుకథల్లో నేను మొగుళ్ళ పేర్లు పట్టుకునేదాన్ని. పట్టుకున్నది ఎక్కడ రాయాలి? ఆడవాళ్ళు చాలామంది ఒంటరిగానే వచ్చేవారు. ఇంట్లో చెప్పి వచ్చేవారు తక్కువ. తోడు ఎవరూ లేరు కాబట్టి ఆ రెండు గడులూ ఖాళీగా వదిలేయాలి. నేను వదలలేదు. సంబంధం అన్న గడిలో ‘ఫలానా ఆయన భార్య, ఫలానా ఇంటి కోడలు’ అని మొత్తం రాసేదాన్ని. వెనకవైపు మందు తీసుకున్నవారి సంబంధం దగ్గర కూడా అదే మాట మళ్ళీ రాసేదాన్ని. ఖాళీ గడి చూస్తే నాకు ఒళ్ళు మండేది. ముప్పై ఏళ్ళు అక్షరాలు లేకుండా బతికినదాన్ని. గడి ఖాళీగా ఉంటే నాకు రాయడం రాలేదనుకుంటారని. తనిఖీకి వచ్చినవాళ్ళు నా కార్డులు చూసి బాగున్నాయనే అన్నారు. మగవాళ్ళ కార్డుల్లో సగం గడులు ఖాళీ. నావి నిండుగా ఉండేవి.

ఆ వచ్చేవాళ్ళలో రఘునాథపల్లి దిక్కు ఒక ఊరి నుంచి వచ్చే మనిషి ఒకామె. నలభైకి దగ్గర పడ్డ వయసు. ఆ ఊళ్ళో పిల్లల హాస్టల్లో వంట చేసేది. మోచేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చ, సూదితో గుచ్చినా తెలిసేది కాదు. డాక్టరుగారు చూసి, మందు మొదలైతే ఇక ఎవరికీ అంటదు, వంట చేసుకోవచ్చు అని చెప్పారు. ఆ మాట ఆయన చెప్తే నేను నమ్మాను, ఆమె నమ్మింది. ఊరు నమ్మదని ఇద్దరికీ తెలుసు. ఆమె భర్త ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. ఆయనకు సద్ది పట్టుకుపోతున్నానని ఊళ్ళో చెప్పి, సద్ది ఇచ్చేసి, అటునుంచి నా దగ్గరికి వచ్చేది. మందు వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు అని మేము అందరికీ చెప్పేవాళ్ళం. ఆమె భయం అది కాదు. ఒంటి రంగు నల్లబడుతుంది ఆ మందుతో, అది ఆమె భయం.

“ఏందే నల్లగైతాన్నవ్ అంటాండ్రు అక్కా. పొయ్యి కాడ ఉంటే ఎర్రగైతరా అన్న.”

“మంచిగనే అన్నవ్.”

“ఎన్నొద్దులు నమ్ముతరు గట్ల? ఒక్కలకు తెలిసినా నన్ను గిన్నె ముట్టనియ్యరు. తల్లులు వచ్చి పోరగాండ్లను తీస్కపోతరు.”

రెండేళ్ళు మందు వాడాలి. ఆమెకు అప్పటికి ఏడాది అయింది.

ఎనభైల చివర్లో మా దవాఖానాకు కంప్యూటర్ వచ్చింది. ఎవరో సహాయం చేసి ఇప్పించారు. స్టోరు గదిని కడిగి, సున్నం వేసి, అందులో పెట్టారు. గది బయటే చెప్పులు విడవాలి. నేను ఊడిచే గదికి నేనే చెప్పులు విడిచి పోవడం అదే మొదలు. కార్డులన్నీ అందులోకి ఎక్కించడానికి టైపు వచ్చిన ఒకామెను పెట్టారు. తురక వాళ్ళమ్మాయి, పెళ్ళై ఇద్దరు పిల్లలు, మండీ బజారు దిక్కు ఇల్లు. వస్తూనే బురఖా తీసి మేకుకు తగిలించి, మిషను మీద కప్పిన పాత దుప్పటి గుడ్డ తీసి మడత పెట్టేది. ఆ గుడ్డ ఆమే కుట్టింది.

“అక్కా, గింతగనం ఎందుకు రాసినవే? మగోళ్ళ కార్డు రెండు నిమిషాల్ల అయితది. నీ కార్డు కొట్టేసరికి నా వేళ్ళు పోతాన్నయి.”

“చదువుకున్నోళ్ళకు వేళ్ళు ఊకెనే పోతయి. కొట్టు.”

“ఉన్నది ఉన్నట్టు కొట్టాల్నా?”

“ఉన్నది ఉన్నట్టే కొట్టు, చెల్లె. తగ్గియ్యకు.”

ఈ మాట అన్నది కూడా నేనే.

ఆ మిషనులో తెలుగు అక్షరాలు రావు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది. నేను ఆమె పక్కన స్టూలు వేసుకుని కార్డు చదివి చెప్పేదాన్ని. అట్లా కొట్టగా కొట్టగా ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఇరవై ఆరూ నాకు పట్టుబడ్డాయి. ఇంగ్లీషు రాదు, అక్షరాలు మాత్రమే వచ్చు. మాట తెలుగుదైతే కూడబలుక్కుని చదవగలిగేదాన్ని.

మిషనుకు పని చెప్పే రాత రాసేది ఒక లెక్చరరు. హనుమకొండలో ఏదో కాలేజీలో పాఠం చెప్పేవాడు, నలభై ఐదేళ్ళ మనిషి, శనివారం శనివారం స్కూటరు మీద వచ్చేవాడు. నన్ను అక్కా అనేవాడు. టీ తాగుతూ చెప్పడం ఆయనకు అలవాటు. ఎవరు వింటున్నారో చూసుకునేవాడు కాదు.

ఒకరోజు డాక్టరుగారు ఆయనకొక పని చెప్పారు. ఊరూరికీ ఒక పట్టిక పోవాలి. ఆ ఊళ్ళో ఎంతమంది మందు వాడుతున్నారు, ఎన్ని నెలలు వాడారు, ఎన్ని నెలలు తప్పారు, అది సర్పంచుకు తెలిస్తే తప్పినవాళ్ళ కోసం మా దవాఖానా ఇన్‌స్పెక్టరు పోయినప్పుడు ఊరు సహకరిస్తుందని పైవాళ్ళు అన్నారు. డాక్టరుగారు ఒకే షరతు పెట్టారు.

“పేర్లు పోకూడదు. ఒక్క పేరు కూడా.”

“పోవు సార్,” అన్నాడు లెక్చరరు.

ఎట్లా పోవో టీ తాగుతూ మాకు చెప్పాడు. చాక్‌పీసుతో గోడ మీద ఒక పెద్ద డబ్బా గీశాడు. అది రోగి. అందులో చీటీలు: పేరు, ఊరు, వయసు. అందులోనే ఇంకో చిన్న డబ్బా, అది తోడు. దానిలో మళ్ళీ చీటీలు: పేరు, సంబంధం. ఇంకో డబ్బా రాకలు. దానిలో ఒకటో రాక, రెండో రాక అని డబ్బాలు. ఒక్కో రాకలో తేదీ, మందు, తీసుకున్నవారు. ఆ తీసుకున్నవారు కూడా చీటీ కాదు, మళ్ళీ డబ్బానే. దానిలో పేరు, సంబంధం.

“ఒక్కో చీటీ దగ్గరికి పోయే తొవ్వ ఉంటదక్కా. రోగి, చుక్క, తోడు, చుక్క, పేరు. గట్ల. ఇగ మనిషి మనిషికి, డబ్బా డబ్బాకు తొవ్వ నేను రాసుకుంట కూసుంటే తెల్లారదు. అందుకని రోగి పేరుకు ఒక తొవ్వ విడిగ రాసి, లోపటి డబ్బాలకు నడుమ స్టార్ గుర్తు పెడ్త. రోగి, చుక్క, స్టార్, చుక్క, పేరు. స్టార్ అంటే ఆడ ఏ డబ్బా ఉన్నా సరే అని. ఆ తొవ్వల దొరికిన పేరునల్ల తీసి అవతల పారేస్తది.”

“ఏ డబ్బా అయినా సరేనా?”

“ఏదైనా సరే.”

“మరి డబ్బాల డబ్బా ఉంటే?”

ఆయన గ్లాసు దించి నన్ను చూశాడు. ముందు కొట్టి చూద్దాం అన్నాడు.

కంప్యూటరు పక్కనున్న సూది ముద్రల ప్రింటరు కిర్రుకిర్రుమని కాగితం కక్కింది. నేను ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను. తోడు దగ్గర పేరు లేదు. రాకల దగ్గర, మూడో రాకలో, మందు తీసుకున్నవారు అన్నచోట ఏటూరునాగారం నుంచి వచ్చే ఒక ముసలాయన తమ్ముడి పేరు నిలువెత్తున ఉంది.

“ఉన్నది సారూ. గీడ.”

టైపు కొట్టే ఆమె గలగలా నవ్వింది. “సార్, మీ స్టార్ ముందటి అర్ర దాకనే పోయింది. వంటింట్లకు పోలే.”

లెక్చరరుకు కోపం రాలేదు. నుదురు కొట్టుకుని, ఒక్క స్టార్ ఒక్క డబ్బానే దాటుతుంది, అడుగు దాకా పోవాలంటే రెండు పక్కపక్కన పెట్టాలి అన్నాడు. రెండు స్టార్లంటే నడుమ ఎన్ని డబ్బాలున్నా సరే అని అర్థం. అసలు డబ్బానే లేకున్నా సరే. రోగి పేరు, తోడు పేరు, తీసుకున్నవారి పేరు అన్నీ ఆ ఒక్క తొవ్వలోకే వస్తాయి. ఆ రెండు స్టార్లను అర్థం చేసుకునే రాత రాయడానికి ఆయనకు ఇంకో రెండు శనివారాలు పట్టింది. మళ్ళీ కాగితం తీశారు. నేను మళ్ళీ వేలు పెట్టి చదివాను. ఈసారి నా చదువు మగవాళ్ళ పట్టికతో ఆగిపోయింది. పాదాలు నానబెట్టే వేళైంది, నన్ను పిలిచారు. చదివినంతలో పేరు అన్న చీటీ ఎక్కడా లేదు. బాగుంది సారూ అని చెప్పి పోయాను.

అది నేను చేసిన రెండో తప్పు.

పట్టికలు ఊరూరికీ విడివిడిగా కొట్టి, కింద కార్బన్ పెట్టి ఒక నకలు మా దగ్గర ఉంచి, అసలువి కవర్లలో పెట్టారు. శనివారం పొద్దున నకళ్ళు ఊరి వరసన దస్త్రంలో పెడుతున్నాను. ఆ వంటామె ఊరి కాగితం చేతికొచ్చింది. ఆమె ఊళ్ళో మందు వాడేది ఆమె ఒక్కతే, కాబట్టి కాగితం మీద ఒక్కరి వివరమే ఉంది. ఊరికే చూశాను. పేరు లేదు. తోడు అని ఉంది, దాని కింద సంబంధం అని ఉంది. ఆ ఎదురుగా ఆమె భర్త పేరు, ఇంటిపేరుతో సహా. ‘ఆయన భార్య, ఆ ఇంటి కోడలు’ అని. కిందికి చూస్తే ప్రతి నెల రాకలోనూ అదే. పన్నెండుసార్లు.

నేను రాసినట్టే. ఒక్క మాట తగ్గలేదు.

కాళ్ళ కింద నేల కదిలిందని రాస్తారు కొందరు. నాకు అట్లా ఏం కాలేదు. లెక్చరరు ఆ రోజు వచ్చే ఉన్నాడు. కాగితం తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను.

“పేరు తీసేసినక్కా. ఏడుంది?”

“పేరు డబ్బాల లేదు సారూ. సంబంధం డబ్బాల ఉన్నది. అది నేనే పెట్టిన.”

“సంబంధంల పేరెందుకు పెట్టినవ్?”

“ఆ మనిషి మొగని పేరు చెప్పదు. పొడుపుకథ చెప్తే వెనకోళ్ళు ఇప్పిండ్రు. ఖాళీ ఎందుకని రాసిన.”

ఆయన కాగితం మీద సంబంధం అన్న మాట దగ్గర వేలు పెట్టాడు. తొవ్వలో ఎన్ని స్టార్లు పెట్టినా, అవి డబ్బా మీద రాసిన మాటను చూస్తాయి గానీ లోపల ఎవరేం వేశారో చూడవు అని మెల్లగా అన్నాడు. నన్ను తిట్టినట్టు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు.

డాక్టరుగారి దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“ఏ ఊళ్ళవి పోయాయి?”

“మిగిలినయన్నీ ఇక్కడనే ఉన్నయి సార్. రఘునాథపల్లి దిక్కువి ఇన్‌స్పెక్టరు పొద్దుగాల మొదటి బస్సుకు పట్టుకపోయిండు.”

“నువ్వు పోతావా?”

“ఆమె ఊరికి నేను పోత. మిగిలిన ఊర్లయి ఇన్‌స్పెక్టరు ఏడ కలిస్తే ఆడ ఆపుత.”

హైదరాబాదు పోయే బస్సెక్కాను. దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. ఇన్‌స్పెక్టరు స్టేజీ దగ్గర హోటల్లోనే ఉన్నాడు, ఉప్మా తింటున్నాడు. సంచిలోంచి మిగిలిన కవర్లు తీసుకున్నాను. ఆ ఊరి కవరు మాత్రం లేదు.

“గా ఊరి కవరు ఇచ్చేసినవా? ఎవలకిచ్చినవ్ సారూ?”

“పంచాయతి క్లార్కుకు. గీ స్టేజీ కాడనే కలిసిండు. ఏమైంది?”

చెప్పలేదు. రెండు మైళ్ళు నడిచాను. మొక్కజొన్న చేల మధ్య మట్టి రోడ్డు. ఊరు చేరాక ముందు కనబడింది హాస్టలు పొగ. వంట నడుస్తోంది. అటు పోలేదు. దవాఖానా ఆయాను ఆమె దగ్గర ఎవరైనా చూస్తే కాగితంతో పనే లేదు.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద క్లార్కు కూర్చున్నాడు. పక్కన డబ్బాలో మైదా గంజి. ఆ ఊళ్ళో ఏ కాగితం వచ్చినా గోడకు అంటించడమే ఆయనకు తెలిసిన పని. ఎరువుల ధరలు, ఓటర్ల పేర్లు, పోలియో చుక్కల తేదీ, అన్నీ ఆ గోడ మీదే ఒకదాని మీద ఒకటి. మా కాగితం ఆయన ఒళ్ళో బోర్లా ఉంది. వెనక సగం గంజి పూసి ఉంది.

“గా కాయితం ఇటియ్యి.”

“ఎవలమ్మా నువ్వు?”

“దవాఖాన నుంచి వచ్చిన. అండ్ల తప్పు పడ్డది.”

“సర్కారు కాయితం ఎవలు పడితే వాళ్ళకియ్యనీకి వస్తదా? తప్పేందో చెప్పు.”

“చెప్తే ఇగ వాపసు తీసుకునుడెందుకు?”

ఆయన ఇంకో మాట అనేలోపు వంగి కాగితం లాక్కున్నాను. గంజి చేతులకంటింది. గంజి ఉన్న వైపు గంజి ఉన్న వైపుకే వచ్చేలా మడిచి, మళ్ళీ మడిచి, గట్టిగా ఒత్తాను. ఇక అది విప్పితే చిరగాలి తప్ప చదవడానికి రాదు.

“ఏయ్! ఏందమ్మా గది! సర్పంచుకు ఏం జవాబు చెప్పాలె?”

“వేరే కాయితం వస్తదని చెప్పు. నువ్వు సదివినవా దీన్ని?”

“ఇంగ్లీషుల ఉంటే నేనెందుకు సదువుత? సదివెటోళ్ళు సదువుతరు, నాకు అంటిచ్చుడే పని.”

నమ్మాలో వద్దో తెలియలేదు. ఆయన మొహం చూశాను. కోపం తప్ప ఇంకేం కనబడలేదు. నీళ్ళు అడిగితే ఇచ్చాడు. తాగి, వచ్చిన దారినే వచ్చాను.

వరంగల్లు చేరేసరికి మూడు దాటింది. లెక్చరరు ఇంకా పోలేదు. టైపు కొట్టే ఆమె కూడా బురఖా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది, నేను వచ్చేదాకా పోలేదన్నమాట.

“దొరికిందా అక్కా?”

జిగురు ముద్దను చూపించాను. ఆమె అల్లా పేరు తలచుకుంది.

లెక్చరరు సంబంధం అనే చీటీలన్నీ తీసేసే తొవ్వ రాసి పెట్టాడు. రెండు స్టార్లు, చుక్క, సంబంధం. ఇక సరిపోతుందా అని నన్ను అడిగాడు. కంప్యూటరు మనిషి ఆయాను అడిగాడు.

“సాలదు సారూ. మందు మారితె ఎందుకు మారిందో రాసే కాడ గూడ రాసిన. ఊరు గడిల గూడ కొందరికి ఫలానా ఇంటి పక్క అని రాసిన. యాడ జాగ దొరికితె ఆడ రాసిన.”

“మరి నేను ఎన్ని తొవ్వలని పారెయ్యాలె అక్కా?”

“పారేసేటియి లెక్కవెట్టకు. ఉంచేటియి చెప్పు. గవి తప్ప అన్నీ పారెయ్యి.”

తెలివితేటలతో చెప్పలేదు. తుడిచి తుడిచి వచ్చిన అలవాటు. రోగి విడిచిన బట్టల మూటలో ఏది పారేయాలని వెతకం, దాచుకోవాల్సిన ఒకటి రెండు తీసుకుని మిగతాదంతా ఉడకబెట్టే గాబులో వేస్తాం.

ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఉంచాల్సినవి అని రాసుకున్నాడు. కార్డు నంబరు, ఊరు, వయసు, ఆడా మగా, వాడిన నెలలు, తప్పిన నెలలు.

“వయసు వద్దు,” అన్నాను. “ఆ ఊళ్ళె ఒక్కతే ఉన్నది. ముప్పై ఎనిమిదేండ్ల ఆడమనిషి, దవాఖానకు పోయే మనిషి ఎవరని ఊరు పది నిమిషాల్ల కనిపెడ్తది.”

వయసు కొట్టేశాడు. ఆడా మగా అన్నది ఆయనే కొట్టేశాడు. ఊరు గడిలో నేను రాసింది ఉంచకుండా, ఊళ్ళకు నంబర్లు ఇచ్చి ఆ నంబరు నుంచి ఊరి పేరు వచ్చేలా చేశాడు. చివరికి కాగితం మీద ఒక్కొక్కరికి మూడు అంకెలు మిగిలాయి. డాక్టరుగారు చూసి తల ఊపారు. నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

ఆమె మందు రోజుకు ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాలు నాకేమీ తెలియదు. క్లార్కు చదివాడో లేదో, చదివి ఎవరికన్నా చెప్పాడో లేదో. ఆ దిక్కు బస్సుల్లో దిగేవాళ్ళను చూసేదాన్ని, అడగడానికి లేదు. పాదాలు రుద్దించేటప్పుడు ఒకసారి గట్టిగా రుద్దించి రక్తం తెప్పించాను. అంతకుముందు అట్లా ఎప్పుడూ కాలేదు.

ఆ రోజు వచ్చింది. గుమ్మంలోనే ఆమె చేతులు చూశాను. గోళ్ళకు పసుపు పట్టి ఉంది, చింతపండు నీళ్ళలో నానిన వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. పొద్దున వంట చేసి వచ్చింది. కూర్చోబెట్టి, మందు ఇవ్వకముందే చెప్పాను.

“నీ ఇంటాయన పేరు మీ ఊరి కాయితం మీద వచ్చింది. గోడకు అంటించకముందే నేను పోయి తెచ్చిన. దాన్ని కార్డుల రాసింది గూడ నేనే.”

ఆమె మందు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఎవలన్న సదివిండ్రా?”

“సదవలేదని అంటాండు క్లార్కు.”

“అంటాండా? సదవలేదా?”

“నాకు తెల్వదు.”

“నేను నోటితోని అనని పేరు అక్కా. పదారేండ్లాయె పెండ్లై, ఒక్కనాడు అనలేదు. నువ్వు ఊరు గోడ దాక తీస్కపోతివి.”

క్షమించు అనడం మాకు రాదు, ఆ మాట మేము ఎవరమూ అనుకోగా వినలేదు. ఆమె లేచి పోతుందనుకున్నాను. లేవలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

“క్లార్కు గాని సదివి ఉంటె ఈ పాటికి నన్ను గిన్నె మీదికెళ్ళి దింపుదురు. దింపలే.” తరువాత నా బల్ల వైపు చూపు తిప్పింది. “నా కార్డు తియ్యి. ఏమేం రాసినవో సదువు.”

“అన్నీనా?”

“అన్నీ. నాకు రాదు గదా. నాకు రాదని తెలిసే గదా గంతగనం రాసినవ్.”

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. కార్డు తీశాను. ఆమె స్టూలు జరుపుకుని, నా వేలు ఎక్కడుందో చూస్తూ కూర్చుంది. నేను పైనుంచి చదివాను. ఆమె పేరు చదివాను.

“ఉంచు. నాదే గదా.”

ఊరు చదివాను. ఉంచమంది. హాస్టలు పక్క ఇల్లు అని ముందు రాసి ఉంది, అది చదివాను. కొట్టెయ్యి అంది. కొట్టేశాను. సంబంధం దగ్గరికి వచ్చి, ఆ పేరు పైకి చదవకుండా వేలు మాత్రం పెట్టాను. ఆమెకు అర్థమైంది.

“కొట్టెయ్యి.”

కనబడకుండా కొట్టాను. వెనకకు తిప్పి పన్నెండు చోట్లా కొట్టాను. ఆమె ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. కంప్యూటరులో కూడా తీయిస్తానని చెప్పాను. ఇప్పుడే తీయించమంది. టైపు కొట్టే ఆమెను పిలిచాను, వచ్చి కార్డు పట్టుకుపోయింది. తీసేసి మళ్ళీ తెచ్చి చూపించేదాకా వంటామె కదలలేదు.

సంబంధం గడిలో కొట్టివేత పక్కన కొంచెం ఖాళీ మిగిలింది.

“గీడ ఏం రాయాలె?” అని అడిగాను. అడిగి రాయడం నాకు అదే మొదలు.

ఆమె ఆలోచించింది.

“ఒక్కతే వచ్చింది అని రాయి. ఒక్కదాన్నే గదా వస్తాన్న.”

రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. మందుల అట్ట కొంగున ముడేసుకుని, వంటకు ఆలస్యమైతది అంటూ లేచింది.